పునీత తోమాసువారి చేతిలోని మూలమట్టాన్ని తీసివేయకండి: చెన్నైలోని మా విచారణ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విచారణ గురువులకు, విచారణ మండలి పెద్దలకు, గుడి మరమ్మతుల ఉపసంఘం సభ్యులకు నమస్కారములు.

యేసు పన్నెండుమంది శిష్యులలో ఒకరైన పునీత తోమాసువారికి జూలై 3న వచ్చే పండుగనాటికి మన గుడిలో పీఠానికి కుడివైపు గోడమీద ఆయన కొత్త చిత్రాన్ని పెట్టించాలని తీర్మానించినట్లు గత నెల తెలుగు పూజ ముగిసిన తరువాత మీరు ప్రకటించారు. ఆ చిత్రం నమూనాను ఫ్లెక్సీగా వాకిట కట్టి, అభిప్రాయాలు ఏమైనా ఉంటే చెప్పవచ్చునని కూడా అన్నారు. ఆ మాట మర్యాదకు అన్నారో, నిజంగా వినదలచి అన్నారో నాకు తెలియదు గాని, అడిగారు కనుక చెబుతున్నాను. మీలో ఒకరిద్దరిని పక్కకు పిలిచి చెవిలో చెప్పవలసిన విషయమైతే అలాగే చెప్పి ఉండేవాడిని. కాని గోడమీద పటం అందరి కళ్ళకూ కట్టేది, మన తరువాత మన పిల్లలు కూడా చూసేది, కనుక అందరి ఎదుటా చెప్పడమే న్యాయమనిపించింది.

నమూనా చిత్రంలో రెండు భాగాలున్నాయి. ఎడమ భాగంలో తోమాసువారు తల దించుకొని, పట్టుబడిన దోషిలాగా మోకరిల్లి, ఉత్థాన క్రీస్తు ప్రక్కలోని గాయంలో వేలు పెడుతున్నారు. కుడి భాగంలో ఆయన కొండమీద సిలువ ముందు ప్రార్థనలో ఉండగా, పిలక పెట్టుకొన్న నల్లని మనిషి ఒకడు వెనుకనుండి వచ్చి వీపులో బల్లెం దింపుతున్నాడు. రెండు చోట్లా తోమాసువారి జుట్టు బంగారు రంగులోనూ, కళ్ళు నీలంగానూ ఉన్నాయి. వేలికీ బల్లేనికీ మధ్య ఆ మనిషి బ్రతికిన బ్రతుకు మాత్రం ఆ చిత్రంలో ఎక్కడా లేదు. నా అభ్యంతరమంతా స్థూలంగా ఇదే.

ఈ కొత్త చిత్రం కోసం మీరు దించివేసిన పాత పటం గురించి మొదట చెప్పాలి. అది గొప్ప కళాఖండం కాదని నాకూ తెలుసు. అద్దం కట్టిన రంగుల అచ్చు పటం. ఆకుపచ్చని పైవస్త్రం వెలిసి బూడిద రంగుకు వచ్చింది, అడుగున చెమ్మ మరకలున్నాయి. అందులో తోమాసువారు నిలువుగా నిలబడి ఒక చేత పుస్తకం, మరొక చేత మూలమట్టం, అంటే మూల సరిగ్గా ఉందో లేదో చూసుకొనే పనివాడి కొలబద్ద, పట్టుకొని ఉంటారు. ఉపసంఘం సభ్యులలో ఒకరు, వయసులో నాకంటే చాలా చిన్నవారు, ఆ చేతిలోని వస్తువు విరిగిన సిలువ ముక్క అనుకొన్నానని నాతో అన్నారు. ఆయనను తప్పు పట్టను. మూలమట్టంతో పనిపడని ఇళ్ళలో పుట్టినవారికి అది అలాగే కనిపించవచ్చు.

మా ఇంట్లో మాత్రం దానితోనే పొయ్యి వెలిగేది. మా నాన్నగారు గుంటూరు జిల్లా ఫిరంగిపురం దగ్గరి పల్లెనుండి మద్రాసుకు వలస వచ్చిన తాపీమేస్త్రి. తోమాసువారి కొండ అని మనం పిలిచే పరంగిమలైకి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు అద్దెకు తీసుకొని, "ఫిరంగిపురంలో బయలుదేరి పరంగిమలై చేరాను, ఎటు తిరిగినా ఫిరంగివాళ్ళ పేరు తప్పలేదు" అని నవ్వేవారు. ఆయనకు చదువు రాదు, జపమాల తప్ప వేరే ప్రార్థన నోటికి రాదు. అయినా ఈ గుడిలో అడుగుపెట్టిన మొదటి రోజునే ఆ పటాన్ని చూసి, ఈయన మనవాడని గుర్తుపట్టారట. తోటి మేస్త్రీలు దసరాకు పనిముట్లు కడిగి పూజ చేసుకొనేవారు. మా నాన్నగారు తోమాసువారి పండుగనాడు తాపీ, గజంబద్ద, రసమట్టం, మూలమట్టం కడిగి తుడిచి, గోనెసంచిలో చుట్టి తెచ్చి, ఆ పటం కింద ఒక పూట ఉంచి తీసుకువెళ్ళేవారు. అప్పటి గురువులు ఎవరూ దానికి అడ్డు చెప్పలేదు. 1969లో తిరుసభ పండుగల పట్టికను సవరించి తోమాసువారి పండుగను డిసెంబరు 21నుండి జూలై 3కు మార్చినప్పుడు, ఆ సంగతి తెలియక ఆయన డిసెంబరులోనే గోనెసంచి మోసుకొని వచ్చారని మా అమ్మ చెప్పేది.

మూలమట్టం తోమాసువారి చేతిలోకి ఎలా వచ్చిందో ఇప్పుడు మన ఉపదేశ తరగతులలో చెప్పడం లేదు కనుక కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. 3వ శతాబ్దంలో సిరియాక్ భాషలో పుట్టిన 'తోమా చర్యలు' అనే గ్రంథంలో ఆ కథ ఉంది. ఆ గ్రంథం పరిశుద్ధ గ్రంథంలో చేరినది కాదు, అందులోని ప్రతి మాటనూ నమ్మమని తిరుసభ చెప్పనూ లేదు. కాని శతాబ్దాల పాటు చిత్రకారులు తోమాసువారి రూపానికి ఆ కథనుండే ఆనవాలు తీసుకొన్నారు. హిందూదేశానికి వెళ్ళమంటే తోమాసువారు వెళ్ళనని మొండికేస్తారు. అప్పుడు ప్రభువు ఆయనను హబ్బాను అనే వర్తకుడికి దాసుడిగా అమ్మివేస్తాడు. నీకు ఏ పని వచ్చునని వర్తకుడు అడిగితే, కొయ్యతో నాగళ్ళు, కాడులు, త్రాసులు, ఓడలు, తెడ్లు, తెరచాప స్తంభాలు చేయగలనని, రాతితో స్తంభాలు, ఆలయాలు, రాజభవనాలు కట్టగలనని తోమాసువారు చెబుతారు. కాడి, నాగలి మొదలుకొని రాజభవనం వరకూ పని తెలిసిన మనిషి, చేసిన పనిని చేతితో తడిమి చూసుకొనే మనిషి ఆయన. గాయాన్ని తాకి చూస్తేనే గాని నమ్మనని అనడంలో అపనమ్మకం కంటే పనివాడి అలవాటే నాకు ఎక్కువగా కనిపిస్తుంది. గోడ నిలువుగా ఉందని పక్కవాడు ఎంత చెప్పినా మేస్త్రి గుండు వేలాడదీసి చూసుకోకుండా ఒప్పుకొంటాడా?

కథలో తరువాతి ఘట్టం మరీ బాగుంటుంది. రాజు గోండోఫారెస్ భవనం కట్టమని డబ్బు ఇస్తాడు, తోమాసువారు ఆ డబ్బంతా పేదలకు పంచేస్తారు. భవనం ఏదని రాజు అడిగితే, ఇప్పుడు కనిపించదు, చనిపోయిన తరువాత కనిపిస్తుందని జవాబిస్తారు. రాజు ఆయనను చెరలో వేయిస్తాడు. ఇంతలో రాజు తమ్ముడు గాదు మరణించి, పరలోకంలో ఒక భవనాన్ని చూసి ముచ్చటపడి, అది తన అన్న కోసం తోమా కట్టినదని తెలుసుకొని, దానిని కొనుక్కోవడానికి మళ్ళీ బ్రతికి వస్తాడు. మా నాన్నగారికి ఈ కథను ఒక ఉపదేశి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించి, "డబ్బు తీసుకొని ఇల్లు కట్టని మేస్త్రిని ఊరు ఊరుకోదు, ఆయన పునీతుడు కాబట్టి చెల్లింది" అన్నారు. కథలోని రాజు ఉత్త కల్పన అని పండితులు చాలాకాలం అనుకొన్నారు. 19వ శతాబ్దంలో వాయవ్య భారతంలో ఆయన పేరున్న నాణేలు బయటపడిన తరువాత అటువంటి రాజు నిజంగానే ఉండేవాడని తేలింది. తఖ్తీబాహీలో దొరికిన శాసనంలోనూ ఆయన పేరుంది. కథంతా నిజమని ఇందువలన రుజువు కాదు. కాని మూలమట్టం వెనుక ఒక నేల, ఒక కాలం ఉన్నాయని తెలుస్తుంది. కట్టడపు పనివారికీ వాస్తుశిల్పులకూ తోమాసువారు పాలక పునీతుడైనది ఈ కథ వలననే.

ఇక వేలి సంగతి. యోహాను సువార్త 20వ అధ్యాయాన్ని నింపాదిగా మరొకసారి చదవమని ఉపసంఘం వారిని వేడుకొంటున్నాను. మేకుల గురుతులలో వేలు పెట్టి, ప్రక్కలో చేయి ఉంచితేనే గాని నమ్మనని తోమాసువారు అన్న మాట అక్కడ ఉంది. ఎనిమిది దినాల తరువాత ప్రభువు వచ్చి, నీ వేలు ఇటు చాచు, నీ చేయి నా ప్రక్కలో ఉంచు అన్న మాటా ఉంది. వెంటనే వచ్చేది తోమాసువారి జవాబు: "నా ప్రభువా! నా దేవా!" ఆయన వేలు పెట్టినట్లు గాని, గాయాన్ని తాకినట్లు గాని సువార్తికుడు వ్రాయలేదు. పెట్టలేదనీ వ్రాయలేదు. ఆ ఖాళీని చిత్రకారులు తమకు తోచినట్లు పూరించారు. గురువు అప్పాన్ని పైకెత్తినప్పుడు మనలో పెద్దవారు నేటికీ పెదవి కదలకుండా చెప్పుకొనేది ఈ జవాబునే. నాలుగు సువార్తలలోనూ క్రీస్తును ఇంత స్పష్టంగా దేవుడని పిలిచిన శిష్యుడు మరొకడు లేడు. అటువంటి నోటిని వదిలిపెట్టి మీ చిత్రం వేలిని పట్టుకొన్నది.

వేలిని చిత్రించడమే తప్పని నేను అనడం లేదు. ఇటలీ చిత్రకారుడు కరవజ్జో 1601, 1602 ప్రాంతంలో ఈ ఘట్టాన్ని గీసిన చిత్రం ఇప్పుడు జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉంది. నేను చూసినది పుస్తకంలోని అచ్చు మాత్రమే. అయినా ఆ పుట తెరిచినప్పుడల్లా కాసేపు ఆగిపోతాను. తోమాసువారి వేలు గాయంలోకి దిగి ఉంటుంది, కాని ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకొని తీసుకువెళ్ళేది క్రీస్తు చేయి. తోమాసువారి నుదుటిమీద ముడతలు, భుజం దగ్గర కుట్టు విడిపోయిన అంగీ. అంగీ చిరిగిన పనివాడి చేతిని దేవుడు స్వయంగా పట్టుకొన్నట్లు గీసిన ఆ చిత్రంలో నాకు ఎక్కడా దోషి కనిపించడు. మీ నమూనాలో క్రీస్తు చేయి గాలిలో ఆశీర్వదిస్తూ ఉంది, తోమాసువారి చేయి ఒంటరిగా ఉంది. చూడడానికి చిన్న తేడా. ఆ ఒక్క తేడాతోనే కరుణ కాస్తా మందలింపుగా మారిపోయింది.

ఇంకా ముందుకాలపు ఉదాహరణ ఒకటి ఉంది. ఫ్లోరెన్స్ నగరంలో ఓర్సాన్‌మికేలే అనే కట్టడపు వెలుపలి గోడ గూటిలో వెరోక్కియో పోతపోసిన క్రీస్తు, తోమాసువారి కంచు స్వరూపాలను 1483లో నిలిపారు. వాటిని చేయించినది ఆ నగరపు వర్తకుల న్యాయస్థానం. సాక్ష్యం చూడనిదే తీర్పు చెప్పకూడదన్న నియమంతో బ్రతికేవారు తమకు గురుతుగా ఎంచుకొన్నది తోమాసువారిని! మనం 'అనుమానపు తోమా' అని పిల్లలకు వెక్కిరింపుగా నేర్పిన మనిషినే వారు విచారించి తెలుసుకొనేవారికి ఆదర్శంగా నిలుపుకొన్నారు. ఆ శిల్పంలో క్రీస్తు గూటి లోపల నిలబడి ఉంటాడు. గడ్డం కూడా రాని యువకుడైన తోమాసువారు వీధి వైపునుండి వచ్చి, ఒక పాదం ఇంకా గూటి వెలుపలే ఉంచి, వేలిని గాయం దగ్గరకు తెచ్చి ఆగి ఉంటారు. తాకలేదు. సువార్తలోని ఖాళీని ఆ శిల్పి అలాగే ఉంచాడు. మూల శిల్పాలను ఇప్పుడు లోపలి మ్యూజియంలో భద్రపరచి, గూటిలో నకలు పెట్టారు.

బల్లెం విషయంలో నేను మరింత గట్టిగా మాట్లాడక తప్పదు. బల్లెం తోమాసువారి చిహ్నమే, కాదనను. ఇరవై ఏళ్ళు నిండీ నిండని వెలాస్కెజ్ గీసిన తోమాసువారి చేతిలో పుస్తకం, బల్లెం ఉంటాయి. జార్జ్ ద లా తూర్ గీసిన బట్టతల ముసలి తోమాసువారు బల్లేన్ని చేతికర్రలాగా పట్టుకొని ఉంటారు, ఆ చిత్రాన్ని 1988లో ప్రజల చందాలతో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం కొన్నది. ఈ చిత్రాలలో బల్లెం ఉంది గాని పొడిచేవాడు లేడు. మీ చిత్రంలో పొడిచేవాడే ముఖ్యుడు. అతనికి పిలక ఎవరు పెట్టారు? పైన చెప్పిన పాత గ్రంథంలో తోమాసువారిని కొండమీదకు తీసుకువెళ్ళి బల్లేలతో పొడిచినవారు రాజు మజ్దాయి ఆజ్ఞకు లోబడిన నలుగురు సైనికులు. 13వ శతాబ్దం చివర ఈ తీరం మీదుగా వెళ్ళిన మార్కో పోలో విన్న కథ పూర్తిగా వేరు: తోమాసువారు అడవిలో నెమళ్ళ మధ్య ప్రార్థన చేసుకొంటూ ఉండగా, నెమలి కోసం ఒక వేటగాడు వేసిన బాణం పొరపాటున ఆయనకు తగిలిందట. పిలక మనిషి వెనుకనుండి పొడిచాడన్నది ఆ తరువాత చేరిన కథనం. కథలు ఇన్ని విధాలుగా ఉన్నప్పుడు, పొరుగువాడిని హంతకుడిగా చూపే దానినే ఏరి గోడకు ఎక్కించవలసిన అవసరం ఏమిటి? మన గుడికి మంగళవారం అంతోనివారి నవదిన ప్రార్థనలకు వచ్చి కొవ్వొత్తి వెలిగించుకొని వెళ్ళే హిందూ సోదరీసోదరులు ఎందరో ఉన్నారు. వారు తలెత్తి చూసినప్పుడు వారికి ఏమి కనిపించాలో మీరు ఒక్క నిమిషమైనా చర్చించారా?

నిజానికి మార్కో పోలో చెప్పిన కథలో చిత్రకారుడికి ఎంత సంపద ఉందో చూడండి. మయిల్ అంటే తమిళంలో నెమలి. మైలాపూరు పేరులోనే నెమలి ఉంది. తోమాసువారి సమాధి ఉన్నదని మనం నమ్మే శాంతోం, ఆ మైలాపూరు సముద్రపుటొడ్డే. నెమళ్ళ నడుమ కూర్చొని ప్రార్థిస్తున్న తోమాసువారిని ఎవరైనా గీస్తే, ఈ ఊరివాళ్ళు ఏ మతం వారైనా ఆయన తమ ఊరివాడేనని గుర్తుపడతారు.

గుర్తుపట్టడం అన్నాను కనుక బంగారు జుట్టు, నీలి కళ్ళ ప్రస్తావన కూడా ముగిస్తాను. ఆయన గలిలయ ప్రాంతపు యూదుడు, ఎండలో తిరిగిన మనిషి. ఆ రంగు ఆయనకు ఎక్కడినుండి వస్తుంది? ఆయన ముఖం ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు, అందుకే వెరోక్కియో కుర్రవాడిని చేశాడు, లా తూర్ ముసలివాడిని చేశాడు. మనకూ ఆ స్వేచ్ఛ ఉంది. గోవాలో పుట్టి, శాంతినికేతనంలో బొమ్మలు గీయడం నేర్చుకొన్న ఆంజెలో ద ఫొన్సెకా మరియమాతకు చీర కట్టి చిత్రించినప్పుడు ఆయన సొంత ఊళ్ళోనే ఎదురుదెబ్బలు తిన్నాడు. ఈనాడు ఆ చిత్రాలనే మనం గౌరవంగా చూస్తున్నాం. అంత దూరం ఎందుకు, పరంగిమలై మీది పాత రాతి సిలువను చూడండి. 1547లో పోర్చుగీసువారు అక్కడ తవ్వుతుండగా అది బయటపడింది. వారు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే చెక్కిన ఆ సిలువ చుట్టూ పహ్లవీ అనే పాత పర్షియా లిపిలో శాసనం ఉంది, పైనుండి పావురం దిగుతూ ఉంటుంది, సిలువ మీది తోరణం రెండు మకరాల నోళ్ళనుండి పుడుతుంది. హిందూ దేవాలయాలలో దేవతామూర్తుల వెనుక కనిపించే మకరతోరణమే అది! పర్షియా లిపినీ, ఈ నేల శిల్పాన్నీ, క్రీస్తు సిలువనూ ఒకే రాతిలో కలిపిన ఆ పేరులేని శిల్పికి ఉన్న ధైర్యం మనకు ఎందుకు లేకపోయింది? 1964లో భారత తపాలాశాఖ తోమాసువారి బిళ్ళ వేసినప్పుడు ఇటలీలోని ఓర్తోనా గుడిలో ఉన్న ప్రతిమను చూపింది. 1973లో మరొకటి వేసినప్పుడు పరంగిమలై సిలువను చూపింది. తపాలాశాఖ తొమ్మిదేళ్ళలో చేసుకొన్న ఆ సవరణను మనం ఇన్నేళ్ళకైనా చేసుకోవచ్చు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా కట్టడాల నక్షాలు గీసి బ్రతికినవాడిని, ఖర్చు లెక్కలు నాకు తెలియనివి కావు. వినైల్ మీద అచ్చు వేయిస్తే చవక, పండుగకు అందుతుంది అన్న మీ వాదన నాకు అర్థమవుతుంది. అయినా శ్రీకాళహస్తి ఇక్కడికి మూడు గంటల ప్రయాణం కూడా కాదు. పాలు, కరక్కాయ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన నేతబట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లని ద్రావణంలో వెదురు కలాన్ని ముంచి రామాయణ భారతాలను గీసే కలంకారీ పనివారు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. అంతస్తులు అంతస్తులుగా కథ చెప్పడం వారి చేతికి పుట్టుకతో వచ్చిన విద్య. ఓడ, వర్తకుడు, నాగలి, కాడి, రాజు, పంచిన డబ్బు, చెర, నెమళ్ళు, సముద్రం, వీటన్నిటి మధ్య మూలమట్టం పట్టుకొన్న తోమాసువారు: వారికి కథ చెబితే చాలు, గీయగలరు. లాజరు చనిపోయినప్పుడు యూదయకు వెళితే చంపుతారని తక్కిన శిష్యులు భయపడుతుండగా, మనమూ వెళ్ళి ఆయనతో కూడా చనిపోదాం రండి అన్నది తోమాసువారే. ఆ మాటనూ ఒక గడిలో చూపమని అడగవచ్చు. జూలై 3కు అందకపోతే వచ్చే ఏటి పండుగకు పెట్టుకొందాం. ఆయనే ఎనిమిది దినాలు ఆగినవాడు, మన గోడ ఒక ఏడాది ఖాళీగా ఉంటే కోపగించుకోడు.

ఈ ప్రతిపాదన మీకు నచ్చకపోయినా, నచ్చిన నమూనానే మీరు అచ్చు వేయించదలచినా, కుడి భాగాన్ని మాత్రం తొలగించమని కోరుతున్నాను. ఇందులో నేను రాజీపడలేను. ఎడమ భాగంలో క్రీస్తు చేతిని కిందికి దించి తోమాసువారి మణికట్టు మీదకు తీసుకురమ్మని గీసేవారికి చెప్పండి, అది కంప్యూటరులో గంట పని.

చివరగా పాత పటం. దానిని సామాన్ల గదిలో, విరిగిన ప్లాస్టిక్ కుర్చీల వెనుక, గోడకు ఆనించి పెట్టారని కాపలాదారు చెప్పాడు. ఆ గోడకు అవతల నీళ్ళ తొట్టి ఉంది, అక్కడ ఏడాది పొడుగునా చెమ్మే. పటం వెనుక అట్టకు చెదలు పడితే ఇక దక్కదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో చెబితే, వచ్చే ఆదివారం పూజ అయిన వెంటనే నేను వచ్చి, అద్దం విప్పి, తుడిచి, వెనుక కొత్త అట్ట వేసి మా ఇంట్లో ఉంచుతాను. మీరు అడిగిన రోజున తిరిగి తెచ్చి ఇస్తాను. మేకు కొట్టవలసిన చోటు మీరు చూపండి. పటం నిలువుగా వేలాడుతున్నదో లేదో చూడడానికి మా నాన్నగారి గుండు ఇంకా నా దగ్గరే ఉంది.

ఇట్లు,
తెలుగు పూజకు వచ్చే ఒక విశ్వాసి,
చెన్నై